గడప ఎంత ఎత్తు, బాత్రూమ్ ఎంత దూరం

ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో 34 ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. ఆడదాన్నే అయినా ఉద్యోగం పేరు అదే, ఎవరూ మార్చలేదు. రిటైరయ్యాక ఇళ్ల గురించీ ప్రయాణాల గురించీ మీరు అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు పాత ఇళ్ల చుట్టూనే తిరిగాయి. మిగతావి వచ్చే నెల చూద్దాం.

*

అత్తయ్యగారూ, మాది తణుకు. శ్రావణమాసంలో రాజమండ్రిలో మా పెద్దన్నయ్య షష్టిపూర్తి. మేం పదకొండుమందిమి వెళ్తున్నాం, మూడు రాత్రులు ఉండాలి. స్టేషన్ దగ్గర లాడ్జి తీసుకుందామంటారు మావారు. మా అమ్మాయి ఫోన్లో ఇన్నీసుపేట వైపు ఒక సందులో పాత మండువా ఇల్లు, నడిమధ్య పైకప్పు లేని వాకిలి ఉన్నది, చూసింది. ఐదు గదులు, గెస్ట్‌హౌస్‌గా ఇస్తున్నారు. గదికి రోజుకి 3,200. ఫొటోల్లో స్తంభాలు, ఉయ్యాలబల్ల, పందిరి మంచాలు చూసి పిల్లలంతా అక్కడే దిగుదామని గొడవ. మా అత్తగారికి 79 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, రాత్రి మూడుసార్లు లేస్తారు. మావారికి ఏసీ లేకపోతే నిద్ర పట్టదు. దిగమంటారా, వద్దంటారా?
ఒక పాఠకురాలు, తణుకు

దిగండి. కానీ డబ్బు కట్టే ముందు ఆ ఇంటికి ఒక ఫోన్ చేయండి. ఇల్లు ఎన్నేళ్లదని మాత్రం అడక్కండి. అడిగినా అడక్కపోయినా అది వాళ్లే చెబుతారు. మీ అత్తగారు పడుకునే మంచం నుంచి బాత్రూమ్‌కి ఎన్ని అడుగులు, మధ్యలో ఎన్ని గడపలు, దారి పొడుగునా నెత్తిమీద కప్పు ఉందా లేదా, ఇవి అడగండి.

నాకు ఇది పడ్డాక తెలిసింది. ఊరికే అనడం లేదు, నిజంగానే పడ్డాను. కొన్నేళ్ల కిందట కాకినాడలో మా చిన్నాన్న మనవరాలి పెళ్లికి వెళ్లి, నేనూ మా చెల్లెలూ ఇలాంటి ఇంట్లోనే దిగాం. తుపాను రోజులు. మాది మేడమీద గది. పడమటి కిటికీకి రంగుల అద్దాలు. ఎండ పొడ వచ్చినప్పుడల్లా ఎర్రగచ్చు మీద పచ్చగా, నీలంగా మరకలు పడేవి. మా చెల్లెలు ఆ మరకల్లో కాళ్లు పెట్టుకుని కాఫీ తాగింది. బాత్రూమ్ మాత్రం కింద, మండువాకి అవతలి పక్కన. రాత్రి రెండింటికి లేచాను. చెక్కమెట్లు నిటారుగా ఉంటే గోడ పట్టుకుని దిగాను. మండువా అంచున గొడుగు వేసుకుని నడుస్తున్నాను, ఇంట్లోనే గొడుగు చూడండి. నాపరాళ్ల మీద పాకుడు పట్టి ఉంది. కాలు సర్రున పోయింది. గొడుగు ఒకవైపు, నేను ఒకవైపు.

చప్పుడు విని ఇంటావిడ టార్చి పట్టుకుని వచ్చింది. నన్ను లేపి కూర్చోబెట్టి, మోకాలికి అమృతాంజనం రాసి, అప్పటికప్పుడు ఆ దారి పొడుగునా గోనెసంచులు పరిచింది. పరుస్తూ, ‘మా మావగారు కూడా సరిగ్గా ఇక్కడే పడ్డారండీ’ అంది. ఆ మాటేదో సాయంత్రం తాళం చెవి ఇచ్చేటప్పుడు చెప్పి ఉంటే బాగుండేది. అయినా ఆవిణ్ని ఏమనను? ఉద్యోగం చేసినన్నాళ్లూ లాకులకీ తూములకీ ప్లాన్లు గీసినదాన్ని, నేను పడుకోబోయే ఇంటి ప్లాన్ అడగలేదు.

ఈ ఇళ్లు కట్టిన రోజుల్లో స్నానాలూ దొడ్డీ అన్నీ పెరట్లో. గెస్ట్‌హౌస్ చేసేటప్పుడు ధాన్యం కొట్టునో, పడగ్గదిలో ఒక మూలనో కోసి బాత్రూమ్ పెడతారు. అడ్డగోడ కప్పు దాకా లేపరు. పైన గాలాడాలని ఎనిమిదడుగుల దగ్గర ఆపేస్తారు. గాలితోపాటు చప్పుడూ ఆడుతుంది. బయట మీ ఆడపడుచు భర్త పేపర్ చదువుకుంటూ ఉంటే లోపల మీకు మొహమాటం. ఇంకోటి, పాత గచ్చు పగలగొట్టకుండా పైపులు వేయాలి కాబట్టి బాత్రూమ్ నేలని అర అడుగో, ముప్పావు అడుగో ఎత్తు చేస్తారు. ఫొటోలో ఆ మెట్టు కనబడదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి రాత్రిపూట కనబడేది అదొక్కటే. గోడకి పట్టుకునే కడ్డీ ఉందా అని కూడా అడగండి. లేదంటే, ‘ఒకటి బిగించగలరా’ అనండి. మూడు రాత్రులకి ఐదు గదులూ తీసుకుంటున్నారు, బిగిస్తారు.

ఇక గడపలు. పాత ఇంటి ద్వారబంధం ఎత్తు తక్కువ, గడప ఎత్తు ఎక్కువ. ఒకేసారి కాలు ఎత్తాలి, తల వంచాలి. ఇంట్లో పుట్టినవాళ్లకి అది ఊపిరి తీసుకోవడంలాంటిది. మీవారు పొడుగైతే మొదటిరోజు రెండుసార్లు తగిలించుకుంటారు, మూడోసారి ఒళ్లే వంగుతుంది. అత్తగారికి మాత్రం కింద, బాత్రూమ్ గదిలోనే ఉన్నది, వీలైతే తూర్పు గది అడిగి తీసుకోండి. రంగుటద్దాల మేడగదికి పిల్లల్ని తోలండి.

మీవారి ఏసీ సంగతి. పాత ఇల్లు చల్లగా ఉంటుందని ఓనర్లు చెప్పేది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. రెండడుగుల మందం సున్నపు గోడ పొద్దున్నుంచీ ఎండని తనలోకి లాక్కుంటుంది కానీ లోపలికి పంపదు. మధ్యాహ్నం రెండింటికి గదిలో అడుగుపెడితే కుండలో నీళ్లలా ఉంటుంది. అదే గోడ మీద రాత్రి పదింటికి చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా తగులుతుంది. పగలు దాచుకున్నదంతా అప్పుడు వదులుతుంది. అందుకే వెనకటివాళ్లు వేసవి రాత్రుళ్లు గదుల్లో పడుకునేవాళ్లు కాదు. మండువా చుట్టూ ఉన్న పంచలో నవారు మంచాలు వేసుకునేవాళ్లు. వేడిగాలి మండువాలోంచి పైకిపోతే, వీధి తలుపులోంచీ పెరటి తలుపులోంచీ చల్లగాలి లోపలికి వస్తుంది. ఆ రెండు తలుపులూ ఒకే వరసలో ఎందుకుంటాయంటే ఇందుకే. ఇప్పుడు గదికో తాళం వేసుకుని పడుకుంటున్నాం, ఆ గాలి మనదాకా రాదు. శ్రావణంలో ఎండకన్నా ఉక్క ఎక్కువ, కాబట్టి ఏసీ అడగడంలో తప్పులేదు. గదికి పెంకుటి కప్పయితే కింద చెక్క సీలింగ్ ఉందేమో కనుక్కోండి. లేకపోతే ఆ ఏసీ గదికి కాదు, పైన తిరిగే పిల్లులకి చల్లగాలి పెడుతుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యానే తిరుగుతుంది, ఏసీ కాదు. అది మీవారికి ముందే చెప్పి ఉంచండి, టెన్షన్ తగ్గుతుంది. దోమతెర ఉందా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. మండువా అంటే ఆకాశానికి వదిలేసిన వాకిలి, సందెవేళ దోమలు అందులోంచే దిగుతాయి.

పిల్లలు ఆ స్తంభాల ముందు ఫొటోలు దిగుతారు కదా, వాళ్లకి ఈ నాలుగు మాటలు చెప్పండి. 1847 నుంచి 1852 వరకూ ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కట్టించాడు. కాలువ నీళ్లు వచ్చాక డెల్టాలో వరి పండింది. పండిన డబ్బు ఊళ్లో మండువా లోగిళ్లయింది, పిల్లల చదువులకీ కోర్టు వ్యవహారాలకీ రాజమండ్రిలో, కాకినాడలో రెండో ఇల్లయింది. స్తంభాలకి కొంత టేకు ఏజెన్సీ అడవుల్లోంచి గోదావరి మీద తెప్పలు కట్టి దించారు. మంచి కలప కావాలన్నవాళ్లు బర్మా టేకు తెప్పించుకున్నారు. 1942లో రంగూన్ జపానువాళ్ల చేతిలోకి పోయాక అది ఆగిపోయింది. అందుకని ‘బర్మా టేకు’ అన్న మాట మా వైపు ముసలాళ్లు ఇప్పటికీ బంగారం అన్నట్టు పలుకుతారు.

ఓనరు ‘రెండొందల ఏళ్ల ఇల్లండీ’ అంటే కప్పు వంక చూడండి. చదునుగా, అచ్చులో పోసిన మంగళూరు పెంకులుంటే, ఆ ఫ్యాక్టరీ పెంకు మంగళూరులో మొదలైందే 1865లో. అంతకుముందు ఇళ్లకి కుమ్మరి చేసిన గూనపెంకులే. కప్పు తర్వాత మార్చి ఉండొచ్చులెండి, ఆయనతో వాదన పెట్టుకోకండి. వాదిస్తే టిఫిన్ చల్లారిపోతుంది. టిఫిన్ అంటే గుర్తొచ్చింది, ఇంట్లోనే వండి పెడుతుంటే ముందురోజు రాత్రే దిబ్బరొట్టె అడగండి. సన్నటి సెగ మీద అడుగు ఎర్రబడేదాకా కాల్చాలి, పొద్దున్న హడావిడిలో అడిగితే కుదరదు.

వీధి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే లాడ్జికి వీధి ఉండదు, ఈ ఇంటికి ఉంటుంది. మీరు రెండు కార్లలో వస్తారనుకుంటాను. అలాంటి సందులో ఒక కారు ఆగితే రెండోది వెనక్కి పోవాల్సిందే. ఎక్కడ పెట్టాలో ఫోన్లోనే తేల్చుకోండి. ఎదురింటివాళ్ల గేటు ముందు పెడితే, ఆ ఇంట్లో స్కూలుకి వెళ్లే పిల్లలుంటే, పొద్దున్న ఏడున్నరకి మీవారిని లుంగీలో బయటికి పిలుస్తారు. గేటుకి రాత్రి ఎన్నింటికి తాళం వేస్తారో అడగండి. షష్టిపూర్తి భోజనాలయ్యి, ఫొటోలయ్యి, మీరు తిరిగొచ్చేసరికి పదకొండు దాటుతుంది. ఇంటావిడ డెబ్భై ఏళ్ల మనిషై ఉండొచ్చు, మీకోసం వీధి అరుగు మీద కూర్చుని కునికిపాట్లు పడుతుంటే మీకు బాగుండదు. ఒక తాళం చెవి ముందే అడిగి పుచ్చుకోండి.

తెల్లవారుజామున పాలవాడి సైకిల్ బెల్లు, పూలమ్మి కేక, దగ్గర్లో గుడి ఉంటే మైకు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా మైకు పెట్టకూడదని 2000 నాటి రూల్స్ ఉన్నాయి. రూల్సూ ఉన్నాయి, గుడీ ఉంది. నిద్ర తేలికగా పట్టనివాళ్లకి పెరటివైపు గది ఇవ్వండి. శుక్రవారం అక్కడే ఉంటే ఇంటావిడ మీకు బొట్టు పెట్టి, తాంబూలం, నానబెట్టిన శనగలు చేతిలో పెట్టొచ్చు. అద్దెకి దిగినవాళ్లం కదా అని వెనకాడకండి, పుచ్చుకోండి. కొంగు నిండా శనగలతో బయటికొచ్చే లాడ్జి నేనెక్కడా చూడలేదు.

శ్రావణం అంటే గోదావరి ఎర్రబడే రోజులు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక వేస్తారు, అంటే పది లక్షల క్యూసెక్కులు కిందికి పోతున్నట్టు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో ఆ గేజీ అంకెలు రాత్రంతా గంటగంటకీ పుస్తకంలోకి ఎక్కించాం, ఇప్పటికీ నిద్రలో అడిగినా చెబుతాను. ఇన్నీసుపేటలో మీకొచ్చిన భయం లేదు. పాపికొండల బోటు మాత్రం అనుకోకండి, వరదొస్తే ఆపేస్తారు. దాని బదులు పిల్లల్ని కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇంటికి తీసుకెళ్లండి. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం ఆ ఇంట్లోనే జరిపించారు. ఆ ఇల్లు చూసి, మీరు దిగిన ఇంటికి తిరిగొస్తే ఆ గోడలూ గూళ్లూ వేరేగా కనిపిస్తాయి.

మీవారికి ఇంకా అనుమానంగా ఉంటే మొదటి రాత్రికే డబ్బు కట్టండి. రెండోరాత్రి ఆయనే ఉయ్యాలబల్ల దిగరు.

*

అమ్మా, మాది అమలాపురం. కాకినాడ రామారావుపేటలో మా తాతగారు కట్టిన ఇల్లుంది. ముగ్గురం అన్నదమ్ములం. ఒక బిల్డర్ అపార్ట్‌మెంట్‌కి అడుగుతున్నాడు. నాకేమో గెస్ట్‌హౌస్ చేద్దామని ఉంది. ఏడు గదులు. గోడలు కిందినుంచి నడుమెత్తు దాకా పెచ్చులూడుతున్నాయి. సిమెంట్‌తో ప్లాస్టరింగ్ చేయించేస్తే సరిపోతుందని మేస్త్రీ అంటున్నాడు. మీ సలహా కావాలి.
ఒక పాఠకుడు, అమలాపురం

ముందు మేస్త్రీని ఆపండి, తర్వాత మాట్లాడుకుందాం.

సున్నపు గోడ చెమ్మ పీల్చుకుంటుంది, ఎండొస్తే వదిలేస్తుంది. దాని మీద సిమెంట్ పూత పూశారంటే, తడిగుడ్డ కట్టుకున్న మనిషికి రెయిన్‌కోటు తొడిగినట్టు. కిందినుంచి ఎక్కే చెమ్మకి బయటికి దారి ఉండదు, ఇంకా పైకి పాకుతుంది. రెండు వానాకాలాలు తిరిగేసరికి ఆ సిమెంట్ పలకలు పలకలుగా ఊడి, వెనకాల ఇటుక పొడి రాలుతుంది. పైగా కాకినాడ, సముద్రపు గాలి, ఉప్పు ఎలాగూ ఉంటుంది. ఊడిన పూతంతా గీకించి, గోడని ఒక వేసవి ఎండనివ్వండి. ఈలోగా ఆ నీళ్లెక్కడివో కనిపెట్టండి. పది ఇళ్లు చూస్తే తొమ్మిదింట్లో దొంగ ఒకడే. వీధిరోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచుతారు, ఇల్లు పల్లమవుతుంది, మండువా తూము పూడుకుపోయి వాన నీళ్లు పునాదిలోకి దిగుతాయి. తూము తవ్వించండి. పూత మళ్లీ సున్నంతోనే. గానుగ ఆడిన సున్నం, ఇసుక, నానబెట్టిన కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు. ఆ పని చేతిలో ఉన్న ముసలి మేస్త్రీ ఒకరైనా మీ వైపు దొరుకుతాడు. అతను అడిగిన కూలీ ఇవ్వండి, పక్కన మీ కుర్ర మేస్త్రీని కూర్చోబెట్టండి.

కలపకి పెయింట్ వేయించకండి, చెదలు ఎక్కడున్నాయో కనబడకుండా పోతుంది. దూలం చివర్లు, గోడలోకి దూరిన చోట, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. గట్టిగా ఎదురుతిరిగితే సరే. వెన్నలో దిగినట్టు దిగితే ఇంజినీరుని పిలవాలి, ఇక నా ఉత్తరం చాలదు.

గదుల లెక్క. ఓనరు కుటుంబం ఆ ఇంట్లోనే ఉంటూ ఒకటి నుంచి ఆరు గదుల దాకా, పన్నెండు మంచాలకి మించకుండా అద్దెకిస్తే, కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో గోల్డ్ అనీ సిల్వర్ అనీ గుర్తింపు ఇస్తుంది. మీవి ఏడు గదులు. ఒకదాంట్లో మీరుండండి, లెక్క సరిపోతుంది. నేను వెటకారం ఆడటం లేదు. మీరు అమలాపురంలో కూర్చుని కాకినాడలో ఈ ఇల్లు నడపలేరు. రాత్రి రెండింటికి ఎవరో ఒక ముసలావిడ మండువాలో జారిపడితే టార్చి పట్టుకుని వచ్చే మనిషి ఇంట్లో ఉండాలి. మున్సిపల్ కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సూ, పోలీసులు అడిగితే చూపించే రిజిస్టరూ తప్పవు. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దిగితే, మన తెలుగువాళ్లే అయినా సరే, 24 గంటల్లో వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టాలి. పండగలకి వచ్చేది ఎక్కువగా వాళ్లే.

పక్కింటివాళ్ల దగ్గరికి బోర్డు కట్టకముందే వెళ్లండి, కట్టాక కాదు. బోరింగు ఎన్నింటికి కొడతారు, కార్లెక్కడ పెడతారు, తాగి గోల చేస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి వాళ్లు అడిగేలోపే మీరు చెప్పేయండి.

అన్నట్టు, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ‘నాకేమో గెస్ట్‌హౌస్ చేద్దామని ఉంది’ అన్నారు. మిగతా ఇద్దరికీ ఏముందో రాయలేదు. వాటాలు కాగితం మీద తేలకుండా ఒక్క పెంకు కూడా మార్చకండి. మీరు పెట్టిన ఖర్చు రేపు ముగ్గురి ఆస్తి అవుతుంది, అప్పు మాత్రం మీ ఒక్కరిదే. ఇద్దర్నీ ఒక ఆదివారం ఆ ఇంటికే పిలవండి, మండువాలో చాపలేసి భోజనం పెట్టండి, పనసపొట్టు కూర ఉంటే ఇంకా మంచిది. బిల్డర్ ఇచ్చే అంకె కూడా అక్కడే చెప్పండి, దాచకండి.

*

అమ్మమ్మా, నేను ఐదో తరగతి. దసరా సెలవలకి మేం ఒక పాత ఇంట్లో దిగుతాం అంట. పాత ఇళ్లల్లో దెయ్యాలు ఉంటాయని మా అన్నయ్య అంటున్నాడు. నిజమా?
భీమవరం

మీ అన్నయ్య ఎప్పుడైనా పాత ఇంట్లో పడుకున్నాడా, అడుగు.

రాత్రి పడుకున్నాక పైన టప్‌మని వినబడుతుంది. పగలు ఎండకి సాగిన టేకు దూలం, చల్లబడ్డాక ముడుచుకుంటుంది, ఆ చప్పుడు. పెంకుల మీద ఎవరో నడిచినట్టుంటుంది, అది పిల్లి. కిచకిచమంటూ గోడవార పరిగెత్తేది చుంచు, దానికి నువ్వంటేనే భయం. మండువాలోంచి సర్రున ఏదో ఎగిరితే గబ్బిలం, దోమల్ని తినడానికి వచ్చింది, పోనీ. వాన పడితే నాలుగువైపుల నుంచీ చూరు నీళ్లు మండువాలోకి ధారలు కడతాయి. కింద గంగాళం పెట్టి ఉంటే ఒక్కో ధార ఒక్కో రకంగా మోగుతుంది. మీ అన్నయ్యని లేపి వినిపించు.

దిండు కింద టార్చి పెట్టుకో. దెయ్యానికి కాదు, గడపకి.